ఆఖరి రెండు అన్నాక ఇంకో ఎనిమిది

జయనగర్, బెంగళూరు

చి. హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

జిమ్‌లో గ్రూప్ ఫిట్‌నెస్ క్లాసు చేయించే మాస్టారి గురించి నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. "ఆయన అరుస్తుంటే వచ్చిన పని కూడా చేతకావట్లేదు పెద్దమ్మా, మానేస్తా" అన్నావు. మానేయడం సంగతి తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. నిన్ను కుంగదీస్తున్నది కసరత్తా, ఆయన గొంతా? రెండూ అదే హాల్లో, అదే గంటలో మీద పడతాయి. అందుకే కలగాపులగమై చివరికి "ఇది నా వల్ల కాదు" అన్న ఒక్క మాట మిగులుతుంది. కానీ ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయదు.

తేల్చుకోవడం తేలికే. ఒక వ్యాయామం మధ్యలో చిన్నగా మాట్లాడి చూడు. కూనిరాగం తీయగలిగితే శ్రమ తక్కువ. పాడలేవు కానీ ఒక పూర్తి వాక్యం చెప్పగలవంటే మధ్యస్థం. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే తీవ్రం. క్లాసు అయిపోయాక, బూట్లు విప్పేలోపే, ఫోన్లో రెండు అంకెలు వేసుకో: ఒళ్లు ఎంత కష్టపడిందో 10కి, మనసు ఎంత నొచ్చుకుందో 10కి. మూడు క్లాసులు ఇలా రాయి. ఒళ్లు 5, మనసు 8 అని వస్తుంటే అది గొంతు గొడవ. ఒళ్లే 9 దగ్గర ఉంటే ఆయన బుద్ధిమంతుడైనా నీకు ఏడుపొచ్చేది, ఎందుకంటే బరువు ఎక్కువైంది. చేతి గడియారం చూపించే గుండె వేగాన్ని పట్టుకుని కూర్చోకు. పుషప్‌లో మణికట్టు వంగినప్పుడు, డంబెల్ గట్టిగా పట్టుకున్నప్పుడు అది తప్పు చెబుతుంది. 220 లోంచి వయసు తీసేసి గుండె గరిష్ఠ వేగం చెప్పే లెక్క కూడా ఉజ్జాయింపే, మనిషికీ మనిషికీ పది పన్నెండు తేడా ఉంటుంది.

మొదటి నెలంతా ఒంటి అంకె 5, 6 మధ్య ఉంటే చాలు. మధ్యలో ఒకటి రెండుసార్లు 7కి వెళ్లి, ఒక నిమిషంలో మళ్లీ వాక్యం చెప్పే స్థితికి దిగితే బాగున్నట్టే. అంతకన్నా ఎక్కువ అడిగే వాళ్లు దానికి పెద్ద పేరొకటి తగిలిస్తారు, నువ్వు చెప్పిన "తబాతా" లాగా. 20 సెకన్లు పని, 10 సెకన్లు ఆపు, ఇలా 8 సార్లు, మొత్తం 4 నిమిషాలు. ఈ పద్ధతి జపాన్ స్పీడ్ స్కేటింగ్ జట్టు సాధన నుంచి వచ్చింది. ఇజుమి తబాతా అనే శాస్త్రవేత్త దాన్ని పరీక్షించి 1996లో ఫలితాలు ప్రచురించాడు. ఆ పరీక్షలో పాల్గొన్న వాళ్లు అప్పటికే సాధనలో ఉన్న కుర్రాళ్లు, చేసింది కదలకుండా బిగించిన సైకిల్ మీద. అలసిపోతే సైకిల్ ఆగుతుంది, అంతే. మీ హాల్లో అదే లెక్కతో బర్పీలు (వంగి చేతులు నేలకి ఆనించి, కాళ్లు వెనక్కి దూకించి, మళ్లీ లేచి ఎగరడం) చేయిస్తే, అలసిపోయిన మనిషి మోకాళ్ల మీదో నడుము మీదో పడుతుంది. నువ్వు వెనకబడుతున్నది చేతకాక కాదు, ఆ కొలత నీ కోసం తీసింది కాదు.

కాబట్టి ప్రతి వ్యాయామానికీ దాని తేలిక రూపం ముందే తెలిసి ఉండాలి. హాల్లో నిలబడి ఆలోచిస్తే తట్టదు. ఇంట్లో రెండు రోజులు చేసి చూసుకో.

బర్పీలో దూకడం తీసేయ్. చేతులు నేల మీద కాకుండా మోకాలి ఎత్తు బెంచీ మీద ఆనించి, ఒక కాలు వెనక్కి, తర్వాత రెండో కాలు, మళ్లీ ఒక్కొక్కటిగా ముందుకి, ఆపైన నిలబడటం. వాళ్లు పది చేసే వేళకి నీవి ఆరవుతాయి, చాలు. జంపింగ్ జాక్ (ఎగురుతూ కాళ్లు ఎడం చేసి చేతులు పైకెత్తడం) బదులు ఒక్కో కాలు పక్కకి వేస్తూ చేతులు పైకెత్తు. జంప్ స్క్వాట్ (గుంజీలా కిందికి దిగి పైకి ఎగరడం) అన్నప్పుడు కూర్చుని లేచి, పైన మడమలెత్తి దించు, పిక్కలకి పని తగులుతుంది, మోకాలికి దెబ్బ తగలదు. ప్లాంక్ (మోచేతులూ కాలివేళ్ల మీద ఒళ్లు కర్రలా నిలిపి ఉంచడం) నిమిషం అంటే, 20 సెకన్ల చొప్పున మూడుసార్లు పట్టు. నడుము కిందికి జారిపోయిన ప్లాంక్ పొట్టకి చేసే మేలేమీ లేదు, వెన్నుని నొప్పి పెడుతుంది. పుషప్ గోడ మీద మొదలుపెట్టి బల్ల ఎత్తుకి, తర్వాత బెంచీకి, ఆ తర్వాత నేలకి దిగు. గోడ మీద పదిహేను తడబడకుండా వస్తేనే బల్లకి దిగడం.

స్క్వాట్ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే అరుపులన్నీ అక్కడే వినపడతాయి, "ఇంకా కిందికి, ఇంకా కిందికి" అని. ఎంత కిందికి దిగాలో చెప్పాల్సింది నీ నడుము. అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి మెల్లగా దిగు. ఒక చోట నడుము కింది భాగం గుండ్రంగా ముడుచుకోవడం మొదలవుతుంది. దానికి రెండంగుళాల పైనే ఈరోజుకి నీ అడుగు. మడమ లేస్తుంటే చీలమండ బిగిసి ఉన్నట్టు, పాదాలు కాస్త ఎడంగా పెట్టి వేళ్లు కొంచెం బయటికి తిప్పు. మోకాళ్లు లోపలికి ఒరిగితే ఆపేయ్, అవి కాలి రెండో వేలి వైపే పోవాలి. మామూలు భోజనాల కుర్చీ, దాదాపు 18 అంగుళాల ఎత్తుది, వెనక పెట్టుకుని కూర్చుంటూ లేస్తూ నేర్చుకో. వినాయకుడి ముందు తీసే గుంజీళ్లకీ దీనికీ పోలిక పెట్టకు. ఆ వేగం ఇందులో పనికిరాదు. మన బళ్లలో గుంజీళ్లు శిక్షగా తీయించారు కాబట్టి, ఎవరైనా పైనుంచి లెక్కపెడుతుంటే ఒళ్లు తప్పు చేసినట్టు ముడుచుకుపోతుంది. నీకు కలుగుతున్న ఆ ఇబ్బందిలో సగం ఈ పాత అలవాటేనని నా అనుమానం.

ఇక లెక్క. "లాస్ట్ టూ" అంటాడు, రెండయ్యాక "ఇంకో ఎనిమిది" అంటాడు. ఉత్సాహపరుస్తున్నానని ఆయన అనుకుంటాడు. ఒంటికి జరిగేది మాత్రం వేరే. ఆఖరివి అనగానే మిగిలిన శక్తంతా ఆ రెండింటికీ ధారపోస్తావు. మూడోదానికి కండరంలో పట్టు ఉండదు, నడుము వంగుతుంది, మెడ ముందుకొస్తుంది. దెబ్బలు తగిలేది ఆ అదనపు ఎనిమిదిలోనే. అందుకని లెక్క నీది పెట్టుకో. సెట్ మొదలవకముందే "నేను పది" అని మనసులో ఖాయం చేసుకో, పది కాగానే నిలబడి ఊపిరి తీసుకో. బరువు ఎంచుకోవడంలోనూ ఇదే కొలత: పన్నెండు చేశాక ఇంకో రెండు మూడు చేయగలను అనిపించే డంబెల్ నీది. పన్నెండోది వణుకుతూ లేచిందంటే ఒక మెట్టు తగ్గించు. "ఎందుకు ఆపారు?" అని మైకులో అడిగితే చేతి వేళ్లతో పది చూపించి నవ్వు. సంజాయిషీ అక్కర్లేదు.

ఎక్కడ నిలబడతావు? వెనక వరసలోనా? చాలామంది కొత్తవాళ్లు అక్కడే దాక్కుంటారు. డ్యాన్సు కలిసిన క్లాసుల్లో మధ్యలో ఒక్కోసారి వెనక్కి తిరగమంటారు, అప్పుడు వెనక వరసే ముందు వరస అయిపోతుంది, చూసి చేయడానికి ఎవరూ ఉండరు. రెండో వరసలో ఒక చివర నిలబడు. ముందొక మనిషి, పక్కన అద్దం, అవతల ఖాళీ. నీకు ఎడమా కుడీ తికమకపడుతోందని రాశావు కదా, అది నీ మతిమరుపు కాకపోవచ్చు. మనకి ఎదురుగా నిలబడి చేయించేవాళ్లు "కుడి" అంటూ తమ ఎడమ చేయి ఎత్తాలి, అద్దంలోలాగా. కొందరు అది పాటించరు, లేదా మధ్యలో మర్చిపోతారు. మాట వదిలేసి, ఆయన ఏ గోడ వైపు కదిలాడో చూసి అటే కదులు. అడుగులు మారేటప్పుడు నాలుగు దెబ్బల తాళం ముందే చెప్పాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. ఆయన మారిన తర్వాత చెబుతుంటే హాల్లో సగం మంది తడబడతారు. ఈసారి ఒకసారి చుట్టూ చూడు.

ఆయనతో మాట్లాడాలి, తప్పదు. క్లాసు అయ్యాక కాదు, అప్పటికి తర్వాతి బ్యాచ్ గుమ్మంలో ఉంటుంది. పది నిమిషాలు ముందు వెళ్లి, మైకు తగిలించుకోకముందే చెప్పు: "నేను కొత్త. దూకే చోట అడుగేసి చేస్తాను. తప్పుంటే దగ్గరికొచ్చి చెప్పండి, మైకులో పిలవకండి." ఈ మూడే. "మీరు అరుస్తున్నారు" అని మొదలుపెట్టకు. చాలామంది పాట హోరు మీద వినపడాలని అరిచి అరిచి అదే అలవాటైపోయిన వాళ్లు, ఆ మాట వినగానే బిగుసుకుంటారు. ఆయన కన్నడాయన అయితే నీ తెలుగు కన్నడం కలిపి కొట్టకు, చిక్కొస్తుంది. మనం చాలు అనడానికి వాళ్లు "సాకు" అంటారు, మన చెవికి అది వంక పెట్టినట్టుంటుంది. "మండి నోవు" అంటే మంట కాదు, మోకాలి నొప్పి. "నాను హొసబళు, నిధానవాగి మాడ్తీని" అను, కొత్తదాన్ని, నెమ్మదిగా చేస్తాను అని. ఆయన "బేగ బేగ" అంటే మాత్రం తొందరగా అని, అది మీ వైపు మాటే, విజయనగరం పిల్లవి, నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాక రెండు వారాలు చూడు. గొంతు తగ్గకపోయినా నిన్ను మైకులో పిలవడం ఆగితే ఆయనతో నడుస్తుంది. కొందరి తీరే అంత, మనసులో ఏమీ ఉండదు.

మారతహళ్లి వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇరుక్కుని వచ్చేసరికి వార్మప్ అయిపోయి ఉంటుంది కదా. ఆలస్యంగా వచ్చిన వాళ్లకి పది బర్పీల శిక్ష అన్నావు, అది చేయకు. చల్లగా బిగిసి ఉన్న కండరం మీద ముందుగా దూకే పని పడితే పిక్క పట్టేస్తుంది. "ముందు ఒళ్లు వేడెక్కాలి సార్" అని గోడ పక్కన నాలుగైదు నిమిషాలు నిలుచున్నచోటే నడిచి, భుజాలు తిప్పి, మెల్లగా పది స్క్వాట్లు తీసి కలువు. మధ్యాహ్నం ఆంధ్ర మెస్‌లో పప్పూ పచ్చడీ నెయ్యితో ఫుల్ మీల్స్ తిన్న రోజున మూడు గంటలైనా గడవాలి. నీరసంగా ఉంటే ముప్పావుగంట ముందు ఒక అరటిపండు.

వారానికి రెండు క్లాసులే వెళ్లు, మధ్యలో 48 గంటల విరామంతో. మొదటి వారమే ఆరు రోజులు వెళ్లినవాళ్లు మెట్లు దిగలేక మానేస్తారు, తప్పు మాస్టారి మీదికి పోతుంది. ఆ నొప్పి మరుసటి రోజు నుంచి మూడో రోజు దాకా ఎక్కువగా ఉంటుంది, కండరం బరువుని దించే పనిలో సాగినందుకు వస్తుంది, దానంతటదే పోతుంది. మిగతా రోజుల్లో కైకొండ్రహళ్లి చెరువు గట్టు మీద అరగంట చురుగ్గా నడువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాలకి పని. నీ నడకా నీ రెండు క్లాసులూ కలిపి ఆ లెక్కకి సరిపోతాయి. ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, కీలులో సూదితో పొడిచినట్టు నొప్పి వస్తే ఆ క్షణమే ఆగాలి. తీవ్రమైన క్లాసు తర్వాత ఒకటి రెండు రోజుల్లో మూత్రం కోలా రంగులో వస్తే ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లు, కండరం చితికి కిడ్నీల మీద పడే లక్షణం అది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సర్దుకోదగ్గ విషయాలు. సర్దుకోకూడనివి వేరు. నీ ఒంటి గురించి, బరువు గురించి నలుగురిలో వ్యాఖ్య చేయడం, నొప్పి అని చెప్పినా చేయించడం, అడగకుండా చేయి వేసి సరిచేయడం. "చేయి వేయకండి, మాటతో చెప్పండి" అని ఒక్కసారి చెప్పు. రెండోసారి జరిగితే బయటికొచ్చేయ్. తేదీ, వేళ, అన్న మాట రాసి, సెంటర్ మేనేజర్‌కి మెయిల్‌లోనే పెట్టు, నోటితో చెప్పినదానికి రుజువుండదు. తాకిన తీరు దురుద్దేశంగా అనిపిస్తే మేనేజర్ దాకా ఆగకు, 112కి ఫోన్ చేయి. డబ్బు సంగతికి ముందు మెంబర్‌షిప్ ఆపి ఉంచమనో వేరే బ్యాచ్‌కి మార్చమనో అడుగు, చాలా చోట్ల ఆ సదుపాయం ఉంటుంది. మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

కొత్త చోటు చూడాల్సి వస్తే ఏడాదికి కట్టేయకు, డిస్కౌంట్ ఎంత ఊరించినా సరే. ముందు ఒక్క ట్రయల్ క్లాసు, అదీ నువ్వు రోజూ వెళ్లబోయే వేళకే, ఎందుకంటే పొద్దున మాస్టరు సాయంత్రం ఉండకపోవచ్చు. మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. కొత్తవాళ్లెవరు, దెబ్బలేమైనా ఉన్నాయా అని అడిగారా? వార్మప్‌లో ఆరోజు చేయబోయే కదలికలే నెమ్మదిగా చేయించారా? తేలిక రూపం ముందు చూపించి, కష్టమైనది తర్వాత చూపించారా? తేలికది ముందు చూపిస్తే అది మామూలు సంగతిలా ఉంటుంది. చివర్లో "చేయలేని వాళ్లు ఇలా చేయండి" అంటే ఎవరికైనా మొహం చిన్నబోతుంది. అరుపు ఉందా లేదా అన్నది నేనైతే చివర చూస్తాను.

గురువారం క్లాసు 7 గంటలకి అన్నావు కదా. ఆఫీసులో 5.45కే లే. 6.50కి హాల్లో ఉండు, ఆ మూడు వాక్యాలూ చెప్పు, రెండో వరస చివర మ్యాట్ వేసుకో. రాత్రికి ఆ రెండు అంకెలూ నాకు పంపు.

మీ పెద్దమ్మ