బోడెన్‌సీ చూడబోతున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు వచ్చే నెల స్టుట్‌గార్ట్ నుంచి ఫ్రెండ్స్‌తో బోడెన్‌సీ చూడటానికి వెళ్తున్నావని చెప్పింది. ఎంత సంతోషమేసిందో! చెరువు గట్టు మీద నడవాలంటే నా వేలు పట్టుకునే పిల్లవి, జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఉన్న సరస్సుకి నీ అంతట నువ్వే టికెట్లు కొనుక్కున్నావు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ నీళ్ల పక్కన మూడేళ్లు ఉన్నవాణ్ణి కదా. వాట్సాప్‌లో పెడితే సగం చదివి వదిలేస్తావని ఇలా ఉత్తరం రాస్తున్నాను.

పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఎప్పుడూ నీ దగ్గరే ఉంచుకో. స్విట్జర్లాండ్ ఒడ్డు దగ్గరికొస్తే ఫోన్ అక్కడి నెట్‌వర్క్ పట్టుకుంటుంది, బిల్లు తడిసి మోపెడవుతుంది. డేటా రోమింగ్ ఆపెయ్. స్వెట్టర్ మర్చిపోకు.

సరస్సు ఒడ్డునున్న కాన్‌స్టాన్స్ ఊళ్లో రేవు పక్కనే 1388 నాటి సరుకుల గిడ్డంగి ఉంది. ఆ ఊళ్లో జరిగిన క్రైస్తవ మతపెద్దల సభ 1417లో కొత్త పోప్‌ని ఎన్నుకున్నది అందులోనే. నాలుగేళ్లు సాగిన ఆ మతసభకే యాన్ హుస్ అనే చెక్ బోధకుణ్ణి, నీకేం కాదని రాజు అభయమిచ్చి పిలిపించి, 1415 జూలై 6న బతికుండగానే తగలబెట్టారు. అందరూ రేవులో తిరిగే పెద్ద బొమ్మ దగ్గర సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. నువ్వు ఆయన్ని కూడా ఒకసారి తలుచుకో తల్లీ. ఆ ఊళ్లోనే ష్టాడ్ అనే ఇంకో రేవు నుంచి ఫెర్రీ ఎక్కితే పావుగంటలో మీర్స్‌బుర్గ్. కోట, ద్రాక్షతోటలు, ఏటవాలు వీధులు. మంచి చెప్పులేసుకో.

పూలకోసం అందరూ మైనావ్ దీవికి పరిగెడతారు. వెళ్లండి, బాగుంటుంది. కానీ ఒక పూట రైషెనావ్ దీవికి ఉంచు. 724లో అక్కడ మఠం పెట్టారు. మూడు పాత చర్చిలున్నాయి, ఒకదాని గోడల మీద బొమ్మలు వెయ్యేళ్ల నాటివి. చర్చికీ చర్చికీ మధ్య అంతా కూరగాయల మళ్లే. ఆ మట్టి వాసనకి నాకు మన లంక గ్రామాలు గుర్తొచ్చేవి. అక్కడ కొన్న టమాటాలతో మీ అత్త పప్పు చేస్తే ఆ పూట నాకు ఊరికెళ్లొచ్చినట్టు ఉండేది.

మా రోజుల్లో స్విట్జర్లాండ్‌కి వేరే వీసా కావాలి. మూడేళ్లూ అవతలి ఒడ్డుని కిటికీలోంచి చూడటమే తప్ప అడుగు పెట్టలేదు. నీకా బాధ లేదు. ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో ఫెర్రీ ఎక్కు, నలభై నిమిషాల్లో రోమన్స్‌హోర్న్, అక్కణ్ణుంచి రైల్లో సాంక్ట్ గాలెన్. అక్కడి మఠం లైబ్రరీకి వెళ్తే బూట్ల మీద మెత్తటి చెప్పులు తొడిగిస్తారట. నా బదులు కూడా చూసి రా.

ఇక అసలు సంగతి.

2005 మే నెల, ఒక ఆదివారం. లాంగెన్ఆర్గెన్‌లో పెడల్ బోటు అద్దెకి తీసుకున్నాను. నేను, మీ అత్త, ఆరేళ్ల మీ బావ. ఆ రోజు ఆల్ప్స్ కొండలు చెయ్యి చాస్తే అందేలా ఉన్నాయి. అవతల జెంటిస్ శిఖరం మీద మంచు చారలు కూడా విడివిడిగా కనిపించాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. బోటతను లైఫ్ జాకెట్లు చూపించాడు. గౌతమి పాయ ఈదినవాణ్ణి నాకెందుకు అనుకున్నాను. "బాబుకైనా వెయ్యండి" అంది మీ అత్త. "ఎండగా ఉంది, చెమట పోస్తుంది" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

కాస్త దూరం వెళ్లాక ఒడ్డున నారింజ రంగు లైటు వెలిగి ఆరడం మొదలైంది. మీ బావ అప్పుడే అంకెలు నేర్చుకున్నాడు, దాన్ని లెక్కపెడుతున్నాడు. నేను మురిసిపోతూ వింటున్నాను. కాసేపటికి వాడు, "నాన్నా, లైటు తొందరపడుతోంది, నాకు లెక్క అందట్లేదు" అన్నాడు.

నిమిషానికి 40 సార్లు వెలిగితే గాలి పెరగబోతోందని అర్థం. 90 సార్లు వెలిగితే తుఫాను గాలి, వెంటనే ఒడ్డు చేరాలి. నాకు తెలియదు. కొండలు అంత దగ్గరగా కనిపించడమే ఆల్ప్స్ మీంచి దిగే ఫ్యోన్ గాలికి గుర్తని కూడా తెలియదు.

గాలి ఒక్కసారిగా కొట్టింది. ఎంత తొక్కినా బోటు మా మాట వినట్లేదు. గోదావరి ఈదిన కాళ్లు పెడల్ మీద వణికాయి. మీ అత్త మాట్లాడకుండా చున్నీ తీసి, వాడి నడుముని తన నడుముకి కట్టుకుంది. ఆ ముడి వేస్తున్న వేళ్లు నాకింకా కనిపిస్తాయి. చివరికి ఒక ముసలాయన మోటారు బోటులో వచ్చి తాడు విసిరాడు. ఒడ్డుకి చేర్చాక నన్ను ఒక్క మాట అనలేదు. ఆ లైటు చూపించి, తర్వాత మీ బావని చూపించాడు. అంతే. సరస్సు లోతు 251 మీటర్లని ఆ రాత్రి చదివాను. ఇదంతా మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు, నువ్వూ చెప్పకు.

నీకు ఈత రాదు. నేర్చుకోమని పదేళ్లు మొత్తుకున్నాను, విన్నావా? పోనీలే, పరీక్షలని నువ్వనగానే వదిలేసింది నేనే. పెద్ద ఓడలు ఎక్కు, భయం లేదు. చిన్న బోటు మాత్రం వద్దు. ఫ్రెండ్స్ మరీ బలవంతం చేస్తే ముందు జాకెట్, తర్వాత లైటు, ఆ తర్వాతే బోటు.

లిండావ్‌కి ఓడ మీదే వెళ్లు. ఒక పక్క రాతి సింహం, ఇంకో పక్క లైట్‌హౌస్, రెండింటి మధ్యలోంచి ఓడ రేవులోకి దూరుతుంది. అప్పుడు డెక్ మీద ముందు నిలబడు. దిగాక ఒడ్డున ఆ నారింజ లైటు వెతుకు. వెలగకుండా ఉంటే ఒక ఫోటో తీసి మీ బావకి పంపు.

మీ మావయ్య