తిరుపతిలో కాన్పు... మా ఊరి పథ్యం లేకపోతే పాలు పడవా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మావారి ఉద్యోగం వల్ల ఏడాదిగా తిరుపతిలో ఉంటున్నాం. నాకు ఎనిమిదో నెల. అమ్మ ఆరోగ్యం బాగాలేక కాన్పుకు రాలేనంది. మా వైపు బాలింతకు కాయం (బెల్లం పాకంలో మందు దినుసులు కలిపి చేసే ఉండ), తెలగపిండి (నువ్వుల నూనె తీశాక మిగిలే పిండి) కూర, పాలసొర చేప పెడతారు, నీళ్లు తక్కువ ఇస్తారు. ఇక్కడ పక్కింటివాళ్లు రాగి సంకటి తినమంటున్నారు. అది నాకు గొంతు దిగడం లేదు. మా తిండి లేకపోతే పాలు పడవేమోనని భయంగా ఉంది.

జవాబు: పాలు ఊరేది బిడ్డ చీకడం వల్ల, కూర వల్ల కాదు. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించండి, ముర్రుపాలు పారబోయకండి. మొదటి రెండు మూడు రోజులు కొద్దిగానే వస్తాయి. ఆ కొద్దికే కంగారుపడి డబ్బాపాలు మొదలుపెట్టేవారిని ఎందరినో చూశాను.

అలాగని మీ తిండి వద్దనను. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు దాదాపు 600 కేలరీలు అదనంగా కావాలి. నచ్చని కంచం ముందు కూర్చుంటే అంత తినలేరు. తెలగపిండిలో మాంసకృత్తులు, కాల్షియం బాగా ఉంటాయి. మునగాకు కలిపి వండితే ఇంకా మంచిది. గానుగల దగ్గర అడగండి. పశువుల దాణాకు అమ్మేది కాదు, మనుషులు తినే తాజా పిండే కొనండి. కాయం ఇంట్లో చేసినదైతే రోజుకు చిన్న ఉండ చాలు. షుగర్ ఉంటే మాత్రం బెల్లం పాకం వద్దు. పేరూ ఊరూ లేని లేహ్యాలు ముట్టకండి. అలాంటివాటిలో కొన్నింట సీసం బయటపడింది.

పాలసొర దగ్గర మాత్రం మీ అమ్మగారితో విభేదిస్తాను. సొర పెద్ద చేప, దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. అది పసిబిడ్డ మెదడుకు హాని. బదులుగా నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు తినండి. మీకు బీపీ ఉందో లేదో రాయలేదు. ఉంటే ఉప్పు చేప జోలికి పోవద్దు.

నీళ్లు తగ్గించడం తప్పు. మలబద్ధకం వస్తుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. దాహమైనప్పుడల్లా తాగండి. (నా కాన్పుకు మా అమ్మ మూడు వారాలు పెరుగు ముట్టనివ్వలేదు. నేను డాక్టరునే, కానీ వంటిల్లు ఆమెది!)

ఇక రాగులు. 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. ముద్ద దిగకపోతే మజ్జిగ కలిపి జావగా తాగండి. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి. కాల్షియం మాత్రతోనో టీతోనో కలిపి మింగకండి. దగ్గరి అంగన్‌వాడీలో పేరు రాయించుకోండి, మీ సొంత ఊరు ఇది కాకపోయినా ఫరవాలేదు.

ఇంకా నెల రోజులుంది. తెలగపిండి కూర ఎలా వండాలో మీ అమ్మగారి చేత ఫోనులో మీవారికి చెప్పించండి. మొదటిసారి మాడినా రెండోసారికి కుదురుతుంది.