మగపిల్లాడి గజ్జెలు దాచకండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి ఏడాది ఎంపీసీ. ఎనిమిదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నాడు. ఇంజినీరింగ్ వద్దు, డాన్సే చేస్తానంటున్నాడు. డాన్స్‌లో చదువు మంచిదా, టీవీ షోల ద్వారా సినిమా కొరియోగ్రఫీ వైపు పంపడం మంచిదా? నడక మారిందని బంధువులు నవ్వుతున్నారు. గజ్జెలు క్రికెట్ బ్యాగులో పెట్టి పంపుతున్నాం. - ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది చదువుల గురించే అయినా, మీ అసలు టెన్షన్ చివరి రెండు వాక్యాల్లో ఉంది. నాకొచ్చే ఇలాంటి ఉత్తరాలన్నిటిలో ఆ మాట చివర్లోనే ఉంటుంది. ముందు దాని సంగతే చూద్దాం.

కూచిపూడిలో తరాలపాటు ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలకు ఈ నాట్యం నేర్పిన వెంపటి చినసత్యంగారూ కూచిపూడి ఊరి మగవాడే. ఇక నడక అంటారా, ఎనిమిదేళ్లు అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో, నిలబడ్డ పిల్లాడు వెన్ను నిటారుగా పెట్టి నడుస్తాడు. నవ్వేవాళ్లకు ఆ మాట చెప్పాల్సింది మీరు. మీరేమో గజ్జెలు దాచారు. ఆ బ్యాగు భుజాన వేసుకున్న ప్రతిసారీ వాడు ఏదో తప్పు చేయడానికి వెళ్తున్నట్టు వెళ్లాలా? కోపగించుకోకండి, బంధువుల నవ్వు కన్నా మీరు దాచడమే వాడిని ఎక్కువ బాధపెడుతుంది.

టీవీ షోల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. రెండు మూడు నిమిషాల పాటలో పల్టీలు కొట్టాలి, వారం తిరిగేసరికి ఇంకో స్టైల్ పట్టాలి. ఇన్నేళ్లు ఒక గురువు దగ్గర ఓపికగా కూర్చిన అభినయానికి అక్కడ చోటు తక్కువ. కొత్త సీజన్ మొదలవగానే పాతవాళ్లకు ఈవెంట్ల ఫోన్లు తగ్గిపోతాయి. సినిమాల్లో గ్రూప్ డాన్సర్‌గా చేయాలంటే యూనియన్ కార్డు కావాలి, షూటింగ్ ఉన్న రోజే డబ్బు. మాస్టర్ అనిపించుకునేలోపు వెనక వరసలో, ఆ తర్వాత అసిస్టెంట్‌గా ఏళ్లు గడుస్తాయి. పైకొచ్చినవాళ్లు ఉన్నారు, కాదనను. టీవీలో కనిపించేది వాళ్లే కాబట్టి దారి దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది.

చదువు సంగతి తేలికే. ఏదో ఒక డిగ్రీ చేస్తూ గురువుగారి దగ్గర సాధన మానకుండా ఉంటే, ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో డాన్స్ ఎంపీఏకి (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్, అంటే కళల్లో పీజీ) ప్రయత్నించవచ్చు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది, దానికీ దరఖాస్తు చేయించండి. ఇంటర్ మాత్రం పూర్తి చేయనివ్వండి.

మగపిల్లలు తక్కువ కాబట్టి నృత్యనాటకాల్లో మీవాడికి వేషాలు త్వరగా దొరుకుతాయి. అందులోనే చిక్కుంది. ప్రతిసారీ శివుడో కృష్ణుడో ఇచ్చి, అభినయం ముదరకముందే స్టేజీ ఎక్కించేస్తారు. సోలో కూడా నేర్పించమని గురువుగారిని గట్టిగా అడగండి. రేపు వాడే క్లాసు పెట్టుకుంటే, మగ టీచర్ దగ్గరికి ఆడపిల్లలను పంపడానికి కొందరు తల్లిదండ్రులు వెనకాడతారు. ఆ నమ్మకం సంపాదించడానికి సమయం పడుతుంది. అప్పటిదాకా ఇంటి అండ కావాలి.

ఒకసారి క్లాసుకు వెళ్లి చివరిదాకా కూర్చోండి. నేల సిమెంటుదా, చెక్కదా చూడండి. గట్టి నేల మీద ఏళ్లతరబడి అడుగులు వేస్తే మోకాళ్లు, మడమలు నొప్పి పెడతాయి. నొప్పి అని చెబితే మీరు డాన్స్ మాన్పిస్తారేమోనని పిల్లలు చెప్పరు. ఈ రాత్రే అడగండి.