కొత్త కత్తి, మొదటి గడ్డానికి ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు రాత్రి పెద్దవి చేసుకుని మరీ చూశాను. జర్మనీలో కత్తులకు పేరుపడ్డ సోలింగెన్ దాకా వెళ్ళి గడ్డం గీసే మడత కత్తి కొన్నావంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ ఊళ్ళో, ఆ చుట్టుపక్కల తయారైన సరుకు మీద తప్ప ఆ పేరు వెయ్యకూడదని 1938లోనే అక్కడ చట్టం చేశారు. మా నాన్న క్షౌరపు పొదిలోని రెండు కత్తుల్లో ఒకదాని మీద అదే పేరు ఉండేది. దాన్ని తాకాలంటే చేతులు కడుక్కుని రమ్మనేవాడు.

రేపు పొద్దున్నే దానితో గడ్డం గీసుకుంటానని రాశావు. వద్దు, ఒక వారం ఆగు.

కొత్తది కదా, పదునుగానే ఉంటుందనుకుంటాం. కాగితం కోస్తుంది, చేతి మీద వెంట్రుకలూ గీస్తుంది. కానీ ఫ్యాక్టరీలో పెట్టిన పదును చాలాసార్లు గడ్డానికి చాలదు. వెంట్రుకను కొయ్యకుండా పీకుతుంది. పీకుతోందని నువ్వు ఇంకాస్త నొక్కుతావు, అక్కడే చర్మం తెగుతుంది. కొన్నచోట చేత్తో నూరి ఇచ్చామని గట్టిగా చెప్పి ఉంటే మాత్రం రాయి జోలికి పోకు, తోలుపట్టీ మీద ఆడిస్తే చాలు.

ముందు కత్తికి ఉన్న నూనె మెత్తటి గుడ్డతో తుడువు. గుడ్డ వెన్ను, అంటే కత్తి మందపాటి వీపు వైపు నుంచి అంచు వైపుకు పోవాలి, అంచు వెంబడి ఎప్పుడూ పోకూడదు. నూరే రాళ్ళు 1000, 4000, 8000 నంబర్లవి తీసుకో, నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది. 12000 దొరికితే ఇంకా మంచిది, లేకపోయినా పని జరుగుతుంది. కొత్త రాయైనా చదునుగా ఉందని నమ్మకు. పెన్సిల్‌తో గళ్ళు గీసి, అద్దం పలక మీద వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పరిచి, తడి చేసి, గళ్ళన్నీ చెరిగేదాకా రాయిని రుద్దు. 1000 నంబరు రాయిని బుడగలు ఆగేదాకా నీళ్ళలో నాననివ్వు.

ఇక అసలు పని. ఈ కత్తికి కోణం నువ్వు పట్టనక్కర్లేదు. రాయి మీద పడుకోబెడితే వెన్నూ అంచూ రెండూ ఆనతాయి, ఆ వెన్నే కోణం చూసుకుంటుంది. వెన్ను పైకి లేచిందా, చేసిన పనంతా పాడవుతుంది. వెన్ను మీద బంగారు పూత ఉన్నట్టుంది. అది అరగకుండా కరెంటు టేపు ఒక వరస అంటించుకో. కానీ మొదటి రాయికి టేపు వేస్తే చివరి రాయి దాకా ఉండాలి, మధ్యలో తీస్తే కోణం మారిపోతుంది.

అంచు పొడవునా రెండు వైపులా నల్ల మార్కర్ పెన్నుతో గీత గీసి, 4000 రాయి మీద ఒక్కసారి పోనివ్వు. అంచు ముందు, వెన్ను వెనక. రాయి వెడల్పు చాలదు కాబట్టి పిడి వైపు మొదలుపెట్టి కొస వైపు ముగిసేలా ఏటవాలుగా, ఇంటూ గుర్తులా లాగు. కత్తి తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించు. ఇంకు అంచు చివరిదాకా అంతటా చెరిగితే 1000 అవసరం లేదు. ఎక్కడైనా మిగిలితే 1000 మీదికి పోవాల్సిందే. అక్కడ లెక్క పెట్టకు. పిడి దగ్గర, మధ్యన, కొసన, మూడు చోట్లా చేతి వెంట్రుకలు ఒకేలా తెగేదాకా ఆ రాయి వదలొద్దు. ఇది కుదరకపోతే పై నంబర్లు ఎన్ని రుద్దినా మెరుపే తప్ప పదును రాదు.

నాకు 16 ఏళ్ళప్పుడు ఒకాయన తన ఇంటి కత్తి మా షాపుకి తెచ్చి, సాయంత్రానికి కావాలన్నారు. త్వరగా అవుతుందని నేను బరువంతా వేసి నూరాను. నాన్న దాన్ని బల్బు కిందకి తీసుకెళ్ళి, అంచు పైకి పెట్టి అటూ ఇటూ కొంచెం వంచాడు. మధ్యన ఒకచోట దారం పోగంత తెల్లటి మెరుపు కనిపించింది. 'పదునున్నచోట వెలుగు ఆగదురా, మొద్దుగా ఉన్నచోటే ఆగుతుంది' అన్నాడు. తర్వాత నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, బొటనవేలూ రెండు వేళ్ళూ మాత్రం పిడి మీద ఉంచి, అలాగే నూరమన్నాడు. కత్తి రెండు చెంపలూ లోపలికి బోలుగా చెక్కి ఉంటాయి, అంచు దగ్గర ఉక్కు చాలా పల్చన. నొక్కితే ఆ పల్చటి భాగం వంగి, అంచు రాయికి సరిగ్గా ఆనదు. ఆ బల్బు పరీక్ష నేను ఈరోజుకీ చేస్తాను. నువ్వూ ప్రతి రాయి తర్వాత చెయ్యి.

4000 మీద, తర్వాత 8000 మీద వైపుకి 20 సార్లు చొప్పున చాలు. చివరి పది సార్లు కత్తి బరువు తప్ప నీ బరువు పడకూడదు.

తోలుపట్టీ మీద దిశ తిరగబడుతుంది. వెన్ను ముందు పోవాలి, అంచు వెనక రావాలి. ఇక్కడ పొరపడితే తోలూ తెగుతుంది, అంచూ పోతుంది. పట్టీ బిగుతుగా లాగి పట్టుకో, వదులైతే అంచు గుండ్రమవుతుంది. ముందు గుడ్డ వైపు 30, తర్వాత తోలు వైపు 60 సార్లు. మొదట్లో మెల్లగానే చెయ్యి, వేగం దానంతటదే వస్తుంది.

మొదటి రోజు బుగ్గలు మాత్రమే గీసుకో. వేడినీళ్ళ స్నానం తర్వాత, నురగ బాగా పట్టించి, చర్మం లాగి పట్టుకుని, కత్తిని సుమారు 30 డిగ్రీల వాలులో ఉంచి, వెంట్రుక పెరిగిన దిక్కుకే లాగు. గడ్డం కింద, మెడ దగ్గర ఇప్పుడే వద్దు. పీకుతున్నట్టు అనిపిస్తే ఆపి మళ్ళీ 8000 మీదికి తీసుకెళ్ళు.

అయ్యాక కడిగి, బాగా ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రాయి. అత్తయ్య పంపిన కొబ్బరినూనె రాయకు, ఆ చలికి గడ్డకడుతుంది. ఇంకో మాట. రూమ్‌లో స్నేహితులు సరదాగా అడిగినా ఈ కత్తి ఎవరికీ ఇవ్వకు. ఎయిడ్స్ భయం వచ్చాక షాపులో ఈ రకం కత్తులు పక్కన పెట్టి, మనిషికో కొత్త బ్లేడు వాడుతున్నాను. నీ కత్తి నీ ఒక్కడికే.

ఆదివారం నీకు పొద్దున్న అయ్యాక వీడియో కాల్ చెయ్యి. ముఖం తర్వాత చూస్తాను. ముందు టేబుల్ ల్యాంపు కింద అంచు పైకి పెట్టి, పిడి నుంచి కొస దాకా మెల్లగా చూపించు.

ఇట్లు,
మీ మామయ్య