వాలు సైకిలుకు మోటారు బిగించవచ్చు, ముందు చక్రానికి మాత్రం వద్దు

వెనక్కి వాలి కూర్చుని తొక్కే రికంబెంట్ సైకిలుకు మోటారు బిగించుకోవచ్చా, బిగిస్తే ముందు చక్రానికా, వెనుక చక్రానికా, పెడళ్ళ దగ్గరా అని మహబూబ్‌నగర్ నుండి ఒకరు అడిగారు. నేను నల్లగొండలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. నాలుగేళ్ళుగా అటువంటి సైకిలునే తొక్కుతున్నాను, అందులో మూడేళ్ళు మోటారుతోనే. వెనుక చక్రానికి 250 వాట్ల గేర్డ్ హబ్ మోటారు, అంటే చక్రం నడిమి బొడ్డులోనే ఇమిడి లోపల గేర్లు ఉండే మోటారు, బిగించుకోండి. వేరే సలహాలు ఇచ్చేవారిలో చాలామంది మన రోడ్ల మీద ఈ సైకిలు ఎక్కి చూసినవారు కారని నా గట్టి నమ్మకం.

నేను దీనికి మారడానికి కారణం నడుము. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన జిల్లా మాది; నా నొప్పికి ఆ నీళ్ళే కారణమని ఏ డాక్టరూ చెప్పలేదు గాని నాకు మాత్రం అనుమానం లేదు. మామూలు సైకిలు మీద వంగి కూర్చుంటే పావుగంటకే వెన్ను బిగుసుకుపోయేది. మా ఊళ్ళో ఏ దుకాణంలోనూ రికంబెంట్ దొరకదు కాబట్టి, రెండు పాత సైకిళ్ళను కోయించి, వెల్డింగ్ షాపులో అతికించి, ముందు 20 అంగుళాల చక్రమూ వెనుక 26 అంగుళాల చక్రమూ పెట్టించి, నవారు అల్లిన సీటు బిగించుకున్నాను. ఆ నవారు చూసి మా వీధి పిల్లలు దానికి మంచం బండి అని పేరు పెట్టారు. ఇప్పుడు మా ఇంట్లో కూడా అదే పేరు.

మోటారు ఎందుకన్నది ముందు తేలాలి. వేగానికైతే అక్కరలేదు. వాలి కూర్చున్న మనిషి గాలికి అంతగా అడ్డుపడడు కాబట్టి చదును రోడ్డు మీద ఇది మామూలు సైకిలును సులువుగా దాటిపోతుంది. 1933లో ఫ్రాన్సుకు చెందిన ఫ్రాన్సిస్ ఫోర్ ఇటువంటి సైకిలు మీద గంటలో 45 కిలోమీటర్లకు పైగా తొక్కి, 1914 నాటి రికార్డును దాటితే, మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఈ తరహా సైకిళ్ళను పందేల నుండి తప్పించింది. అందులో అసూయ తప్ప శాస్త్రం లేదని నా అభిప్రాయం. అయితే ఆయన తొక్కింది పందెపు బాట మీద, గుట్ట మీద కాదు. ఎక్కుడు వచ్చినప్పుడు మామూలు సైకిలు మీద లేచి నిలబడి ఒంటి బరువంతా పెడలు మీద వేయవచ్చు. ఇందులో వీపును సీటుకు అదిమిపెట్టి కాళ్ళతో నెట్టడం తప్ప వేరే దారి లేదు. నేనూ, సైకిలూ, బ్యాటరీ కలిపి 100 కిలోలనుకుంటే, నూటికి 5 వంతుల ఎక్కుడును గంటకు 9 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి సుమారు 140 వాట్లు కావాలి. నా వయసులో కాళ్ళు నిలకడగా ఇచ్చేది వందకు అటూ ఇటూ. ఆ లోటు వల్ల వేగం తగ్గితే హ్యాండిలు ఊగుతుంది, ఊగితే కాలు కింద పెట్టాల్సి వస్తుంది. మోటారు పూడ్చవలసింది ఆ కాస్త లోటునే. అందుకే 250 వాట్లు ఎక్కువే అంటాను.

నేను మొదట మోటారును ముందు చక్రానికే బిగించాను. గొలుసు జోలికి పోనక్కరలేదు, వైర్లు పొట్టివి, గంటలో పని అయిపోతుందని అమ్మినవారు నమ్మబలికారు. గంటలో పని అయిపోయిన మాట నిజమే. నెల తిరగకముందే, ఒక ఉదయం పానగల్ వైపు వెళ్ళి, ఉదయ సముద్రం కట్ట మీదికి ఎక్కుతున్నాను. వేగం బాగా తగ్గిపోయేసరికి థ్రాటిల్, అంటే మోటారు జోరు పెంచే మీట, పూర్తిగా నొక్కాను. ముందు చక్రం కంకరలో ఒకసారి ఒట్టిగా తిరిగి, పట్టు దొరకగానే ‘టక్’మని శబ్దం వచ్చింది. చక్రం రోడ్డును వెనక్కి తన్నుతుంటే ఇరుసు అంతే బలంతో ఎదురు తిరగాలని చూస్తుంది. దానిని ఆపవలసింది ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు చివర ఉన్న పల్చటి రేకు. ఆ రేకు నోరు తెరుచుకుంది, ఇరుసు గిర్రున తిరిగింది, వైరు దాని చుట్టూ చుట్టుకుని తెగింది, నట్టు వదులై చక్రం పక్కకు ఒరిగింది. సీటు నేలకు మూరెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. కట్ట మీద వల సర్దుకుంటున్న పెద్దమనిషి పరుగున వచ్చి, నన్ను లేపి, సైకిలు వైపు రెండు నిమిషాలు చూసి, "మంచం మీదికెల్లి పడ్డట్టు పడ్డరేంది సారూ" అన్నాడు. ట్రాలీ ఆటోలో ఇంటికి వచ్చేదాకా నాకు ఆ మాటే వినబడుతూ ఉంది.

నాకు దక్కనిది టార్క్ ఆర్మ్ అనే చిన్న ఇనుప పట్టీ. మోటారు ఇరుసుకు రెండు పక్కలా చదును చేసి ఉంటుంది, ఆ చదునుల మధ్య 10 మిల్లీమీటర్లు. సరిగ్గా ఆ కొలతకు రంధ్రం కోసిన దళసరి పట్టీని ఇరుసుకు తొడిగి, రెండో కొసను ఫ్రేముకు బిగిస్తే ఇరుసు కదలదు. లేత్ దగ్గరి తమ్ముడు 6 మిల్లీమీటర్ల రేకుతో దానిని అరపూటలో చేసి ఇచ్చాడు. వేల రూపాయల పెట్టెలో ఈ ముక్క ఎందుకు పెట్టరో అమ్మేవారే చెప్పాలి. పట్టీ దొరికినా ముందు చక్రం కంకరలో జారడం మానదు, ఎందుకంటే నా సైకిలులో బరువు ఎక్కువ భాగం వెనుకనే పడుతుంది. అందుకని రెండో మోటారు కొని, పట్టీతో సహా వెనుక చక్రానికి బిగించాను. అప్పటి నుండి అది కదలలేదు.

పెడళ్ళ దగ్గర బిగించే మిడ్ డ్రైవ్ గొప్పదని మీకు చాలామంది చెబుతారు. సైకిలు గేర్లను వాడుకుంటుంది కాబట్టి అచ్చంపేట నుండి మన్ననూరు ఘాటు ఎక్కేవారికి అది నప్పుతుందని నేనూ ఒప్పుకుంటాను, ఎందుకంటే గంటల తరబడి ఎక్కితే హబ్ మోటారు కాలుతుంది. కానీ రికంబెంట్‌లో పెడళ్ళు ముక్కు చివర ఉంటాయి. నా సైకిలు గొలుసుకు మామూలు గొలుసులు రెండున్నర అతికించవలసి వచ్చింది, అది సీటు కింద ఒక ఐడ్లర్ చక్రం, అంటే గొలుసుకు దారి చూపే పళ్ళ చక్రం, మీదుగా వెనక్కి పోతుంది. కాళ్ళ బలానికే ఆ చక్రం పళ్ళు ఏడాదికి అరిగిపోతుంటే, మోటారు బలం కూడా దాని మీదనే వేయడం ఎందుకు?

పెడలు తిరిగితేనే మోటారు పలికే సెన్సారు ఒక్కటే చాలని అనుకోకండి. రికంబెంట్ మీద కష్టమంతా కాలు నేల వదిలి పెడలు అందుకునే మొదటి అర చుట్టులో ఉంటుంది, సెన్సారు మేల్కొనేది ఆ తరువాత. అందుకని బొటనవేలి థ్రాటిల్ తప్పక పెట్టించండి. మా వైపు కోతల కాలంలో రోడ్డు సగానికి వడ్లు ఆరబోస్తారు, కుప్పల మీద రాళ్ళు పెట్టి టార్పాలిన్ కప్పుతారు. కల్లాలు లేని రైతును ఏమంటాం? మిగిలిన సగంలో లారీ ఎదురైతే ఆగవలసింది నేనే, మళ్ళీ బయలుదేరవలసిందీ నేనే. కుక్కలు కూడా నా ముఖం ఎత్తులోనే ఉంటాయి కాబట్టి బయలుదేరడం ఆలస్యం కాకూడదు. సీటు వెనుక ఎత్తైన కర్రకు ఎర్ర జెండా కట్టాకనే లారీ డ్రైవర్లు నన్ను చూడడం మొదలుపెట్టారు.

బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లది సీటు వెనుక పెట్టుకున్నాను. అంటే 360 వాట్ అవర్లు. కాళ్ళు కూడా పనిచేస్తే నార్కట్‌పల్లి పోయి రావచ్చు. మే నెల ఎండలో దానిని బయట వదలవద్దు, ఇంటికి రాగానే చార్జింగుకు పెట్టవద్దు, చల్లబడనివ్వండి. 500 వాట్లది తీసుకొమ్మని దుకాణంలో ఒత్తిడి చేస్తారు, లొంగకండి. మోటారు అరగంట పాటు నిలకడగా ఇచ్చే శక్తి 0.25 కిలోవాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నాయని అధీకృత పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం అది మోటారు వాహనం కాదు, రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కరలేదు. ఆ గీత దాటితే నవారు సీటుకు నంబరు ప్లేటు కట్టవలసి వస్తుంది.

ఇంత చెప్పినా ముందు చక్రానికే కావాలంటే, తెగిన వైరుతో ఉన్న నా పాత మోటారు బియ్యం డ్రమ్ము పక్కన పడి ఉంది. దాని ఇరుసు 100 మిల్లీమీటర్ల వెడల్పు ముందు ఫోర్కుకు సరిపోయేది, గొలుసు పట్టే ఫ్రీవీలు బిగించే మరలూ లేవు, వెనుక చక్రానికి పనికిరాదు. వచ్చి తీసుకువెళ్ళండి, పట్టీ మాత్రం మీరే చేయించుకోవాలి.