పాట 140, పోస్టేజీ 650: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను పాత నాణేలు సేకరిస్తాను. డచ్చివారు ఒకప్పుడు వ్యాపారం చేసిన ఊరిలో పుట్టినందువల్లనేమో, వారి కంపెనీ ముద్ర ఉన్న రాగి నాణెం ఒకటైనా నా దగ్గర ఉండాలని చిరకాలంగా కోరిక. ఈమధ్య ఒక ఆన్‌లైన్ వేలంలో అటువంటి నాణెం ఒక్క రూపాయి ప్రారంభ ధరతో కనిపించగా, పాట పెంచుకుంటూ పోయి 140 రూపాయలకు దక్కించుకున్నాను. ఆ పేజీలో ‘రవాణా ఛార్జీలు అదనం’ అన్న మాట తప్ప అంకె ఏదీ లేదు. పాట ఖరారైన తరువాత వచ్చిన బిల్లులో మాత్రం ప్యాకింగు, రవాణా కింద 650 రూపాయలు వేశారు. కట్టకపోతే నా ఖాతా నిలిపివేస్తారన్న భయంతో కట్టేశాను. హైదరాబాదు నుంచి నాణెం మామూలు కవరులో స్పీడ్ పోస్టులో వచ్చింది. కవరుకు అంటించిన చీటీలో బరువు 28 గ్రాములని, రుసుము 55 రూపాయల చిల్లర అని స్పష్టంగా ఉంది. అడిగితే ‘మా రేట్లు ఇంతే’ అన్నారు. ఇది చట్టసమ్మతమేనా?
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. ఛార్జీ ఎక్కువగా ఉండటం ఒకటి, దానిని ముందుగా చెప్పకపోవటం మరొకటి. మొదటి విషయంలో చట్టం మీకు పెద్దగా అక్కరకు రాదు. 650 రూపాయలని పేజీలో ముందే రాసి ఉండి, మీరు చూసి కూడా పాట పాడి ఉంటే, ఆ బేరానికి మీరు ఒప్పుకున్నట్టే అయ్యేది. రెండవ విషయంలో మాత్రం మీ పక్షం గట్టిగా ఉంది.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, ఇటువంటి వేదికలపై అమ్మే వ్యాపారి వస్తువు మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలి. అందులో డెలివరీ, తపాలా, ప్యాకింగు వంటి ఖర్చులూ పన్నూ ఎంతెంతో విడదీసి కూడా చెప్పాలి. వేలంలో తుది ధర ముందుగా తెలియదన్నది నిజమే కానీ, రవాణా ఖర్చు తెలియకపోవటానికి ఏ కారణమూ లేదు. పైగా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలు 13 రకాల మోసపు పోకడలను నిషేధించాయి. ధరలో కొంత భాగాన్ని దాచిపెట్టి, కొనుగోలుదారు ఒప్పుకున్న తరువాత బయటపెట్టటం వాటిలో ఒకటి. మన పంచాయతీ చెరువుల వేలంలో సైతం షరతులన్నీ చదివి వినిపించాకే పాట మొదలవుతుంది. పాట కొట్టేశాక గట్టు మరమ్మతు ఖర్చు కూడా నీదేనంటే ఊరు ఊరుకోదు.

అమ్మకందారు లాభమంతా రవాణాలోకి ఎందుకు నెడతాడన్నది తెలిస్తే, ఇటువంటి పేజీలను దూరం నుంచే పసిగట్టవచ్చు. వేలం వేదికలు చాలాకాలం తమ కమీషనును పాట ధరపైనే లెక్కగట్టేవి. 140 రూపాయల మీద కమీషను ఇచ్చి, 650 రూపాయలను మొత్తంగా జేబులో వేసుకోగలిగినప్పుడు పాట ధర తక్కువగా ఉండటమే అమ్మకందారుకు మేలు. ఆన్‌లైన్ వేలాలు నడిపే అమెరికా సంస్థ ఈబే ఈ కిటుకును గుర్తించి, 2011లో అమెరికాలో రవాణా ఛార్జీని కూడా కలిపి కమీషను లెక్కించటం మొదలుపెట్టింది. అయినా ఈ అలవాటు పోలేదు; ఎందుకంటే తక్కువ ధర నుంచి ఎక్కువ ధరకు వరుస పెట్టి చూసేవారికి ఒక్క రూపాయి వస్తువే అన్నిటికంటే పైన కనిపిస్తుంది. వస్తువు తిప్పి పంపితే ‘ధర మాత్రమే వాపసు, రవాణా కాదు’ అనే షరతు కూడా వారికి కలిసివస్తుంది.

అన్నిటికంటే బలమైన కారణం మన మనసులోనే ఉంది. తంజిమ్ హొస్సేన్, జాన్ మోర్గన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈబేలో సీడీలను, ఆటల డిస్కులను నిజంగా వేలం వేసి చూసి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఒకే వస్తువును ఒకసారి 4 డాలర్ల ప్రారంభ ధరతో, రవాణా ఉచితంగా పెట్టారు; మరోసారి ఒక్క సెంటు ప్రారంభ ధరతో, 3.99 డాలర్ల రవాణాతో పెట్టారు. కొనేవాడికి రెండూ సమానమే. కానీ ఒక్క సెంటు వేలానికే ఎక్కువమంది వచ్చారు, మొత్తం రాబడి కూడా దానికే ఎక్కువ వచ్చింది. పాట పాడేటప్పుడు మన కళ్లు పాట అంకె మీదే ఉంటాయి గాని, పక్కనున్న చిన్న అంకె మీద ఉండవు.

మీ నాణెం లెక్కే చూడండి. 2025 అక్టోబరు నుంచి అమలులో ఉన్న రేట్ల ప్రకారం 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్టుకు ఊరు దాటితే 47 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. మీ చీటీ సరిగ్గా అదే చెబుతోంది. అట్ట ముక్క, ప్లాస్టిక్ తొడుగు, మనిషి శ్రమ అన్నీ ఉదారంగా కలిపినా నూట యాభై దాటదు. మిగిలిన అయిదు వందలూ నాణెం ధరే. అంటే మీరు దానిని కొన్నది 140కి కాదు, 640కి. ఇకపై వేలానికి దిగే ముందు ఆ వస్తువుకు మీరు ఇవ్వదలచిన మొత్తాన్ని కాగితం మీద రాసుకొని, అందులోంచి రవాణాను తీసివేయగా మిగిలినంత వరకే పాడండి. రవాణా అంకె లేనిచోట సైటు ద్వారానే రాతపూర్వకంగా అడిగి, జవాబు రాకపోతే అసలు పాడవద్దు.

జరిగినదానికి మార్గం ఇది. వేలం పేజీ, బిల్లు, కవరు మీది చీటీ ఫొటోలు భద్రపరచి, ముందుగా ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటలలో మీ ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించటం వారి బాధ్యత. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయండి. ఆ తరువాత కూడా మీరు పాలకొల్లు నుంచి హైదరాబాదు తిరగనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ల లోపు కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు. ఒక్క మెలిక ఉంది: అమ్మినవారు వ్యాపారి కాక, తన ఇంట్లోని వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్ముకున్న మామూలు మనిషి అయితే ఈ-కామర్స్ నిబంధనలు వారికి వర్తించవు. ‘మా రేట్లు’ అన్న మాటను బట్టి మీకు అమ్మినవారు ఆ కోవకు చెందినట్టు లేరు.

ప్రశ్న: నేను చేతి అల్లిక లేసు బల్లగుడ్డలను విదేశీ వేలం సైటులో అమ్ముతున్నాను. కొరియరు వారు తీసుకున్న సొమ్మే అడుగుతున్నా, పోస్టేజీలో లాభం తీస్తున్నానని కొన్నవారు నిందిస్తున్నారు. తొమ్మిది వందల గ్రాముల గుడ్డకు మూడు కిలోల ఛార్జీ ఏమిటని అడిగితే ఏం చెప్పాలి?
— ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: అమ్మా, వారి అనుమానమూ సహజమే, మీ నిజాయితీలోనూ లోపం లేదు, తేడా పెట్టెలో ఉంది. కొరియరు సంస్థలు అసలు బరువును, పెట్టె ఆక్రమించే చోటును పోల్చి ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించటం వారిలో ఎక్కువమంది పద్ధతి. 30, 25, 20 కొలతలున్న పెట్టెకు అది మూడు కిలోలు. అదే గుడ్డను పలుచగా మడిచి 40, 30, 4 కొలతల చదును పెట్టెలో పెడితే కిలోకు లోపే వస్తుంది. మడత గీతలు ఇస్త్రీతో పోతాయి, చెడ్డ రేటింగు అంత తేలికగా పోదు. ప్యాకింగుకు మీరు పడే శ్రమను ప్రారంభ ధరలో కలుపుకొని, రవాణా కింద కొరియరు రసీదులో ఉన్న అంకెనే అడగండి. రసీదు ఫొటో కూడా పంపండి. కొనేవారి దేశంలో పడే దిగుమతి సుంకం ఇందులో చేరదని పేజీలోనే రాయటం మంచిది.

ప్రశ్న: ఒకే అమ్మకందారు దగ్గర ఒకే రాత్రి మూడు తపాలా బిళ్లలు పాడుకున్నాను. ఒక్కొక్కదానికి 80 చొప్పున 240 రూపాయల పోస్టేజీ తీసుకుని, మూడింటినీ ఒకే కవరులో పంపారు. తిరిగి అడగవచ్చా?
— ఒక విద్యార్థి, అమలాపురం

జవాబు: తప్పకుండా అడగండి. మూడు కవర్లకు డబ్బు తీసుకొని ఒక్క కవరు పంపినప్పుడు, రెండు కవర్ల సొమ్ము చేయని పనికి తీసుకున్నదే. మూడు ఆర్డర్లకూ ట్రాకింగ్ నంబరు ఒకటే కనిపిస్తుంటే అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. దానిని జతచేసి 160 రూపాయలు వాపసు కోరండి. మరోసారి పాడినప్పుడు డబ్బు కట్టేముందే మూడింటికీ కలిపి ఒకే బిల్లు పంపమని అడగండి, చాలామంది అమ్మకందారులు అడిగితే కాదనరు.