టెక్ సందేహాలు: మంచి ఫిల్టరు పెట్టాక ఫర్నేస్ ఎందుకు ఆగిపోతోంది?

అమెరికాలో చలి ముదరడంతో అక్కడి తెలుగు పాఠకుల నుంచి ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్‌ల మీద ప్రశ్నలు వస్తున్నాయి. వాటిలో మూడింటిని ఈసారి కలిపి తీసుకుంటున్నాను. ఇంట్లో గాలి నడిచే దారి ఎలా ఉందన్న దానిమీదే మూడింటి జవాబూ ఆధారపడి ఉంది.

ప్రశ్న: షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటున్నాం. బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్ ఉంది. మా అబ్బాయికి దుమ్ము పడదని ఒక అంగుళం మందం ఉన్న మెర్వ్ 13 ఫిల్టరు తెచ్చి పెట్టాను (మెర్వ్ అంటే వడపోత ఎంత సన్ననిదో చెప్పే రేటింగు, సంఖ్య పెరిగే కొద్దీ వడపోత సన్నబడుతుంది). అప్పటి నుంచి మంట కొద్ది నిమిషాలు వెలిగి ఆరిపోతోంది, గాలిని నెట్టే ఫ్యాన్ (బ్లోయర్) మాత్రం తిరుగుతూనే ఉంటోంది. మేడ మీది గదులు వెచ్చబడటం లేదు. ఫర్నేస్ మార్చాలా?

జవాబు: అంత త్వరగా ఆ నిర్ణయానికి రావద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి కొత్త ఫిల్టరు సన్నని వడపోత అడ్డుపడి ఫర్నేస్‌కు చాలినంత గాలి అందడం లేదనిపిస్తోంది. గ్యాస్ మంట హీట్ ఎక్స్‌ఛేంజర్ అనే లోహపు గొట్టాల లోపల మండుతుంది, ఆ పొగ వేరే గొట్టం గుండా ఇంటి బయటికి పోతుంది. బ్లోయర్ గదుల్లోని చల్లని గాలిని రిటర్న్ డక్టు (గదుల గాలి ఫర్నేస్‌కు వెనక్కి వచ్చే దారి) ద్వారా లాక్కుని, ఫిల్టరు దాటించి, వేడెక్కిన ఆ గొట్టాల మీదుగా గదులకు పోయే సప్లై డక్టుల్లోకి నెడుతుంది. ఈ గాలి తగ్గిందంటే వేడి ఎక్స్‌ఛేంజర్ దగ్గరే పేరుకుంటుంది కనుక వేడి హద్దు మీరితే పనిచేసే లిమిట్ స్విచ్ గ్యాస్‌ను ఆపేస్తుంది, చల్లబడే వరకు బ్లోయర్ తిరుగుతుంది, ఆ తర్వాత అంతా మళ్లీ మొదలవుతుంది.

పరీక్షించడం తేలికే. ఫర్నేస్ కరెంటు స్విచ్ ఆపి, ఇదివరకు వాడిన రకం ఫిల్టరునే కొత్తది పెట్టి చూడండి. ఫిల్టరు మీది బాణం గుర్తు బ్లోయర్ వైపు ఉండాలి. సమస్య పోతే కారణం దొరికినట్టే. పోకపోతే లోపలి సర్క్యూట్ బోర్డు మీది చిన్న లైటు ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టండి. ఆ సంఖ్యకు అర్థం ఏమిటో తెలిపే పట్టిక సాధారణంగా ఫర్నేస్ తలుపు లోపలి వైపున అతికించి ఉంటుంది. టెక్నీషియన్‌ను పిలిచినప్పుడు ఆ సంఖ్య చెబితే అతని పని సులువవుతుంది.

దీన్ని చలికాలమంతా ఇలాగే వదిలేయకూడదు. పదేపదే అతిగా వేడెక్కి చల్లబడే హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు పగుళ్లు రావచ్చు, పగులు వస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంటి గాలిలో కలిసే ప్రమాదం ఉంది. రంగూ వాసనా లేని ఆ విషవాయువును మనిషి పసిగట్టలేడు. ప్రతి అంతస్తులోనూ, పడక గదుల బయటా దాన్ని పసిగట్టే అలారం ఉందో లేదో, పనిచేస్తోందో లేదో ఈ రోజే చూసుకోండి.

ఇక ఫిల్టరు సంగతి. మెర్వ్ 13 ఫిల్టరు 0.3 నుంచి 1 మైక్రాన్ వరకు ఉన్న అతి సన్నని కణాల్లో కనీసం సగాన్ని ఆపాలి. 3 నుంచి 10 మైక్రాన్ల కణాల్లో అది కనీసం 90 శాతాన్ని పడితే మెర్వ్ 11 కనీసం 85 శాతాన్ని పడుతుంది. ఇంటి దుమ్ము, పుప్పొడి ఎక్కువగా ఈ పెద్ద కణాల కోవలోకే వస్తాయి కాబట్టి ఒక అంగుళం స్లాటులో మెర్వ్ 11 పెట్టడం మంచి రాజీ అని నా అభిప్రాయం. అబ్బాయికి ఆస్తమా వంటిది ఉండి మెర్వ్ 13 తప్పదనుకుంటే, రిటర్న్ డక్టును కత్తిరించి నాలుగంగుళాల ఫిల్టరు పట్టే పెట్టెను అమర్చమనండి. మడతలు లోతుగా ఉండటంతో గాలి పోయే వైశాల్యం బాగా పెరుగుతుంది, అంత సన్నని వడపోతలోనూ బ్లోయర్‌కు ఊపిరాడుతుంది. పని అయ్యాక స్టాటిక్ ప్రెషర్, అంటే గాలిని నెట్టడానికి బ్లోయర్ ఎదుర్కొనే ఒత్తిడి, కొలిచి చూపమని అడగండి. చాలా ఫర్నేస్‌లకు కంపెనీలు చెప్పే పరిమితి నీటి స్తంభం ఎత్తు లెక్కన 0.5 అంగుళం. దాన్ని కొలవకుండానే అంతా బాగుందని చెప్పే పనివాడి మాటను నేనైతే ఒప్పుకోను.

వాడని గదుల్లో రిజిస్టర్లు (వేడి గాలి వచ్చే జాలీలు) మూసి ఉంటే తెరవండి, మూయడం వల్ల గాలికి అడ్డు ఇంకా పెరుగుతుంది. సోఫా కింద, తెరల వెనుక మూసుకుపోయిన రిటర్న్ జాలీలు కూడా చూడండి. ఫిల్టరు మార్చమని చాలా థర్మోస్టాట్లు చేసే హెచ్చరిక గడిచిన రోజులనో, ఫ్యాన్ నడిచిన గంటలనో బట్టి వస్తుంది తప్ప పేరుకున్న మురికిని కొలిచి రాదు. అందువల్ల నెలకోసారి ఫిల్టరు బయటికి తీసి కళ్లతో చూడటమే మేలు.

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఫర్నేస్, డక్టులు అటకలో ఉన్నాయి. కీళ్ల దగ్గర డక్ట్ టేపు ఊడి వేలాడుతోంది. మళ్లీ అదే చుట్టేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. గుడ్డ వెనుక రబ్బరు జిగురు ఉండే ఆ టేపు వేడికి ఎండి ఊడిపోతుందని కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు 1998లోనే పరీక్షించి చెప్పారు. టెక్సస్ అటక వేసవిలో ఎంత కాలుతుందో మీకు తెలుసు. పాత టేపు తీసి, తుడిచి, బ్రష్‌తో మాస్టిక్ అనే సీలింగు పదార్థం పూయండి. అది ముద్దలా ఉండి ఆరాక గట్టిపడుతుంది. సందు పెద్దదైతే ముందు ఫైబర్‌గ్లాస్ జాలీ పట్టీ వేసి దాని మీద పూయాలి. మెత్తని ఫ్లెక్స్ డక్టుకు టేపే కావాలంటే యూఎల్ 181బి-ఎఫ్‌ఎక్స్ అనే భద్రతా ప్రమాణం ముద్ర ఉన్నదే కొనండి.

సాధారణ ఇంట్లో డక్టుల్లోకి వెళ్లే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల వల్లా, సరిగా కలపని కీళ్ల వల్లా వృథా అవుతుందని విద్యుత్తు, ఇంధన పొదుపు కోసం అమెరికా ప్రభుత్వం నడిపే ఎనర్జీ స్టార్ పథకం చెబుతుంది. మీ ఏసీ కూడా ఈ డక్టుల మీదే నడుస్తుంటే ఈ మరమ్మతు వేసవి బిల్లులోనూ కనిపిస్తుంది. అటక ఎక్కినప్పుడే ఫ్లెక్స్ డక్టు ఎక్కడైనా నలిగిందా, మెలిక తిరిగిందా, వేలాడుతోందా చూసి బిగువుగా లాగి కట్టించండి. కీళ్లు మూయడం మీరు చేసుకోవచ్చు గాని, గ్యాస్ పైపును, పొగ గొట్టాన్ని మాత్రం లైసెన్సు ఉన్నవారే ముట్టుకోవాలి.

ప్రశ్న: పోపు వాసన మేడ మీదికి పాకుతోంది. కార్బన్ పూత ఉన్న ఫర్నేస్ ఫిల్టరు ఆపుతుందా?

జవాబు: పెద్దగా ఆపదు. అందులో ఉండే కొద్దిపాటి కార్బన్ త్వరగా నిండిపోతుంది. గాలిని మళ్లీ వంటగదిలోకే వదిలే మైక్రోవేవ్ హుడ్‌కు (పొయ్యి పైన పొగ లాగే అమరికకు) బదులు, పొగను గోడ గుండా బయటికి పంపే హుడ్ పెట్టించుకోండి. అయితే అది మరీ బలమైనదైతే, బేస్‌మెంట్‌లో గది గాలినే వాడుకుని మండే పాతరకం ఫర్నేస్, వాటర్ హీటర్ల పొగను చిమ్నీ నుంచి వెనక్కి లాగవచ్చు. నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి లాగే హుడ్ ఉన్నచోట బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని అమెరికా నివాస భవనాల నియమావళి కోరేది అందుకే. గాలిని ప్లాస్టిక్ పైపు ద్వారా నేరుగా బయటి నుంచి తీసుకునే ఫర్నేస్ అయితే దానికి ఈ చిక్కు ఉండదు, వాటర్ హీటరు ఏ రకమో మాత్రం విడిగా చూసుకోండి.